గేటుకి ఇవతల

యలమంద రెండో జత చేతి తొడుగులు వేసుకుంటుండగా సఫూరా ఫోనులో గడియారం ఆపేసింది.

"ఆగు యలమందా. మొదటి జతకి మణికట్టు దగ్గర టేపు చుట్టలేదు."

"చుట్టాలి మేడమ్. మర్చిపోయా," అని నవ్వి, తొడుగులు లాగేసి అతను మళ్లీ మొదలుపెట్టాడు. ఒంటికి తెల్లటి కవరాల్, దాని మీద ప్లాస్టిక్ కోటు, తలకి ముసుగు, కాళ్లకి రెండేసి మేజోళ్లు. ప్రత్తిపాడు రోడ్డు మీద రేకుల షెడ్డు అది. ఫిబ్రవరి ఎండకి రేకులు చిటపటమంటున్నాయి. ముసుగులోంచి అతని ముక్కు మీదుగా చెమట కారుతోంది. పక్క చేలల్లో మిరపకాయలు ఆరబోసిన కల్లాల మీంచి ఘాటు గాలి కిటికీలోకి కొట్టేసరికి అతను లోపలే తుమ్మాడు.

"ప్లాంటులో తుమ్మొస్తే ఏం చేస్తారు?"

"తుమ్ముతాం మేడమ్. ఇంకేం చేస్తాం?"

సఫూరా నవ్వలేదు. ముసుగు విప్పి, మార్చుకుని, మళ్లీ వేసుకోవడానికి పట్టే సమయం ఎంతో అడిగింది. యలమంద చెప్పాడు. రాసుకుంది.

అణు విద్యుత్ కేంద్రంలో రియాక్టరు ఆపి మరమ్మతులు చేసేటప్పుడు, అంటే షట్‌డౌన్‌లో, ఆవిరి గొట్టాలకి వేడి పోకుండా తొడిగిన పాత కవచాలు విప్పి కొత్తవి తొడగాలి. ఆ కవచాల్ని ఈ షెడ్డులోనే కుడతారు. ఒకప్పుడు మిర్చి నింపే టిక్కీ బస్తాలకి గోతాలు కుట్టిన ఆడవాళ్లే ఇప్పుడు గాజు నార గుడ్డ కుడుతున్నారు. తొడిగే మనుషుల్నీ కంపెనీయే పంపుతుంది. బొగ్గు ప్లాంటులో అయితే మనిషి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పని చేస్తాడు. ఇక్కడ అలా కుదరదు. ఛాతీ మీది బ్యాడ్జీ రేడియేషన్‌ని కొలుస్తుంటుంది. ఆ రోజుకి పెట్టిన హద్దు దగ్గరపడితే మనిషి బయటికి రావాలి, ఇంకొకరు లోపలికి వెళ్లాలి. వేసుకోవడం, విప్పడం, పరీక్ష కోసం వరసలో నిలబడడం, అంతకు ముందు శిక్షణ, ఇవన్నీ పని కాని పని. మొదటి ఆర్డరులో ఈ సంగతి ఎవరికీ తట్టక కంపెనీ మునిగిపోబోయింది. అప్పుడే కాస్ట్ అకౌంటెన్సీలో సీఎంఏ పాసై చేరిన సఫూరా, తిరిగొచ్చిన ప్రతి మనిషినీ కూర్చోబెట్టి అడిగి, ఆ పని కాని పనికి ధర కట్టింది. ఆరేళ్లుగా కంపెనీ నడిచేది ఆ ధరల మీదే.

ప్లాంటుని మాత్రం ఆమె ఒక్కసారీ చూడలేదు. అందుకే ప్రతి షట్‌డౌన్ తర్వాతా, లోపల పనిచేసొచ్చిన యలమందకి ఈ వేషం తప్పేది కాదు.

"మేడమ్, విప్పేదా? ఉడికిపోతున్నా."

"విప్పడానికీ టైమ్ చూడాలి. ఉండు," అంటూ ఆమె గడియారం మళ్లీ మొదలుపెట్టింది.

అంతలో ఎండీ గారు పిలుస్తున్నారని కబురొచ్చింది.

చెంచురామయ్య గారి గదిలో ఏసీ చల్లగా ఉంది. ఆయన లేచి, జగ్గులోంచి గ్లాసులోకి తనే నీళ్లు వంచి ఆమె ముందు పెట్టాడు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ అంతే. అమ్మా అనకుండా మాట్లాడడు. రంజాన్ నెలలో ఇంటికి పళ్ల బుట్ట పంపుతాడు.

"కూర్చో అమ్మా. ఐదేళ్ల కాంట్రాక్టు మనదాకా వచ్చినట్టే. వచ్చే గురువారం ధరల మీద మాట్లాడదాం రమ్మన్నారు. నీ పేరే పంపించా."

సఫూరా గ్లాసు ముట్టుకోలేదు. తర్వాత వచ్చే మాట ఆమెకి తెలుసు.

"రాలేదమ్మా పాస్. ఈసారీ అంతే. అణు కేంద్రం కదా, సెక్యూరిటీ వాళ్లు..." ఆయన గొంతు తగ్గించాడు. "పేర్లు చూస్తారు. నీకు తెలీందేముంది?"

"ఏమని రాశారండీ? కారణం ఏమన్నా చెప్పారా?"

"వాళ్లు కారణాలు చెప్తారా? ఎప్పట్లాగే మన అకౌంట్స్ చైతన్యకృష్ణని పంపుతున్నా. నువ్వు వాడికి అన్నీ చెప్పి పంపించు." ఆయన టేబుల్ మీది పేపర్‌వెయిట్‌ని అటూ ఇటూ తిప్పాడు. "ఇంకో మాటమ్మా. ఇంకొకళ్లు చెప్తే వినడం కంటే నేను చెప్పడం మంచిది. వచ్చే నెల నుంచి ఫైనాన్స్ హెడ్ పోస్టు పెడుతున్నాం. వాడికిద్దామనుకుంటున్నా. నీ తర్వాత చేరాడు, కాదనను. కానీ ప్లాంటుకి వెళ్లి కూర్చుని మాట్లాడగలిగినవాడే ఆ కుర్చీలో ఉండాలి కదా. నువ్వే చెప్పు, నేనేం చెయ్యను?"

"సరే సార్," అంది సఫూరా.

బయటికొచ్చి మెట్ల దగ్గర నిలబడింది. ఆ గేటు ఆమె కళ్ల ముందు ఎప్పుడూ ఉంటుంది. చూడని గేటు. అక్కడ ఒక కుర్చీ, కుర్చీలో యూనిఫాం వేసుకున్న మనిషి. సఫూరా అని చదువుతాడు, పెదవి విరుస్తాడు, కాగితం పక్కన పడేస్తాడు. ఆరేళ్లుగా ఆ మనిషిని ఆమె తిట్టని తిట్టు లేదు. పిడుగురాళ్ల సున్నం బట్టీల్లో ఆమె తండ్రి ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఆ సున్నంతో ఎన్ని సర్కారు గోడలు లేచాయో. అప్పుడు ఏ గోడా ఆయన పేరేంటని అడగలేదు. కూతురు ఒక్కపూట లోపలికొచ్చి బల్ల ముందు కూర్చోవడానికి మాత్రం పేరు అడ్డమొచ్చింది.

మధ్యాహ్నం చైతన్యకృష్ణకి ధరలు ఒక్కొక్కటీ విడమరిచి చెప్పింది. అతను తల దించుకుని రాసుకున్నాడు. మాటిమాటికీ పెన్ను మూత తీసి పెట్టాడు.

"శిక్షణ రోజులకి కూలీ ఎందుకు కలిపామని అడిగితే?"

"శిక్షణ లేకుండా లోపలికి పంపుతారా అని అడుగు. వాళ్లే ఊరుకుంటారు."

"మీరైతే అలా అడగగలరు సఫూరా గారూ."

"నేను లేను కదా అక్కడ," అంది ఆమె. కుర్చీ వెనక్కి నెట్టి లేచిన చప్పుడుకి పక్క టేబుల్ వాళ్లు తలెత్తి చూశారు.

*

రెండు రోజుల తర్వాత ప్లాంటు నుంచి నలుగురు షెడ్డు చూడ్డానికి వచ్చారు. ముగ్గురు ఇంజనీర్లు, ఒక ఫైనాన్స్ అధికారి. కాంట్రాక్టు ఇచ్చే ముందు కంపెనీ తాహతు చూసుకోవడం వాళ్ల పద్ధతి. ఇంజనీర్లు కుట్టు మిషన్ల మధ్య తిరుగుతూ కవచాల మందం కొలుస్తున్నారు. చెంచురామయ్య గారు వాళ్ల వెంటే ఉన్నాడు. ఫైనాన్స్ అధికారి నాగజ్యోతి అకౌంట్స్ గదిలోకొచ్చి కూర్చుంది. యాభై దాటిన మనిషి. పుట్టిల్లు ఒంగోలు.

"ఎండ ఏం మారలేదండీ మన వైపు," అని చీర చెంగుతో మెడ తుడుచుకుని, చైతన్యకృష్ణ ముందు పెట్టిన కాగితాలు తిప్పింది. రెండు ప్రశ్నలు అడిగింది. మొదటిదానికి అతను సఫూరా వైపు చూశాడు. రెండోదానికీ అటే చూశాడు. సఫూరా తన కుర్చీలోంచే జవాబు చెప్పింది.

నాగజ్యోతి కళ్లజోడు తీసింది. "ఈ ధరలు కట్టేది మీరా? ఈమెయిల్ కింద సఫూరా అని ఉంటుంది, ఆ సఫూరా మీరేనా?"

"నేనేనండీ."

"భలేవారే! మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి మీ పట్టిక చూపించి నేర్పిస్తామండీ. అణు విద్యుత్తులో ఫైనాన్స్ అంటే డబ్బు లెక్క ఒక్కటే కాదు, మనిషి ఒంటికి ఎంత తగులుతుందనేది కూడా లెక్కే అని చెప్తే వాళ్లకి ఎక్కదు. మీ పట్టిక చూస్తే ఎక్కుతుంది." ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "మరి మీరు ఒక్క మీటింగుకీ రారేంటి? ప్రతిసారీ అడుగుతా. ప్రయాణాలు చెయ్యరంట కదా?"

సఫూరాకి వెంటనే అర్థం కాలేదు. "నేనా?"

"మీ ఎండీ గారు చెప్పారు. ఇంట్లో ఒప్పుకోరు, ఊరు దాటి రారు అని. సరే, ఎవరి ఇబ్బందులు వాళ్లవి అనుకున్నాం."

"నాకు పాస్ ఇవ్వలేదు కదండీ మీరు."

"పాసా?"

"ఆరేళ్ల నుంచీ. పేరు పంపినప్పుడల్లా సెక్యూరిటీ వాళ్లు తిప్పి పంపేశారు కదా."

నాగజ్యోతి మాట నెమ్మదించింది. "మీటింగులు రియాక్టరు దగ్గర జరగవమ్మా. మెయిన్ గేటుకి ఇవతల ఆఫీసు బిల్డింగు ఉంది, అక్కడ. ముందు రోజు పేరు పంపితే చాలు. ఆధార్ చూసి రిసెప్షన్‌లో పాస్ రాసిచ్చేస్తారు. వచ్చేవాళ్ల పేర్లు ముందుగా నా దగ్గరికే వస్తాయి. మీ పేరు ఎప్పుడూ రాలేదు." కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. "అసలు అక్కడ పాసులు రాసిచ్చేదే నసీమున్నీసా గారు. మీ పేరు చూసి ఆవిడ ఎందుకు తిప్పి పంపుతుంది?"

చైతన్యకృష్ణ ఫైలు పట్టుకుని గదిలోంచి వెళ్లిపోయాడు.

నాగజ్యోతి ఇంకా ఏదో చెబుతోంది. వచ్చే గురువారం తప్పకుండా రమ్మంటోంది. సఫూరా తలూపింది. అడిగిన కాగితాలు అందించింది. భోజనాల దగ్గర గోంగూర గిన్నె కూడా తనే అందించింది. ఆమె చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఆరేళ్లు తిట్టుకున్న ఆ యూనిఫాం మనిషి మాత్రం కుర్చీలో లేడు. ఎప్పుడూ లేడు.

*

కార్లు వెళ్లిపోయాక చైతన్యకృష్ణ స్కూటర్ స్టాండ్ దగ్గర దొరికాడు.

"నీకు తెలుసా?"

అతను హెల్మెట్ చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"తెలుసా లేదా?"

"రెండోసారి వెళ్లినప్పుడు తెలిసిందండీ. పేర్లు పంపిన మెయిల్‌లో నాదొక్కటే ఉంది. సార్‌ని అడిగా. నీకెందుకు, నీ పని నువ్వు చూసుకో అన్నారు." అతని చెవులు ఎర్రబడ్డాయి. "చెప్దామనే అనుకున్నానండీ. చాలాసార్లు."

"చెప్పకపోతే కుర్చీ వస్తోంది కదా. ఎందుకు చెప్తావు?"

"అది కాదు సఫూరా గారూ..."

ఆమె స్కూటర్ తీసింది.

చెంచురామయ్య గారు సాయంత్రాలు తన కోల్డ్ స్టోరేజీలో ఉంటాడు. కొత్త కాయ దిగే రోజులు. లారీల మీంచి హమాలీలు టిక్కీలు మోసుకుని లోపలికి వెళ్తున్నారు. ఆయన తలుపు దగ్గర నిలబడి, ఒక టిక్కీలోంచి కాయ తీసి, తుంచి, రంగు చూస్తున్నాడు. సఫూరాని చూసి నవ్వాడు. "వాళ్లు మంచి హుషారుగా వెళ్లారమ్మా. అంతా నీ చలవే."

"నా పేరు ఎన్నిసార్లు పంపారు సార్?"

ఆయన చేతిలో తుంచిన కాయ అలాగే ఉండిపోయింది.

"ఒక్కసారన్నా పంపారా?"

"లోపలికెళ్లి మాట్లాడుకుందాం రా అమ్మా."

"ఇక్కడే చెప్పండి."

ఆమె అరవలేదు. అయినా ఇద్దరు హమాలీలు టిక్కీలు భుజాన అలాగే పెట్టుకుని ఆగిపోయారు. తలుపులోంచి చల్లగాలి, దాంతో పాటు మిరప ఘాటు. ఆయన కండువాతో ముక్కు తుడుచుకున్నాడు.

"అది మన రెండో ఆర్డరమ్మా, మొదటిదాంట్లో మునిగిపోబోయాం. ఇల్లు తాకట్టు పెట్టి దిగా. నీ పేరు పెడితే వెరిఫికేషనని పదిరోజులు ఆపుతారేమో, ఆ పదిరోజుల్లో ఆర్డరు ఇంకొకడు తన్నుకుపోతాడేమో అని భయపడ్డా. రాలేదని నీకు చెప్పా. ఒకసారి చెప్పాక మళ్లీ ఎలా మారుస్తాను? అయినా నీ మంచికే కదా. అక్కడ ఎవడో నిన్ను గేటు దగ్గర నిలబెట్టి నానా ప్రశ్నలూ వేస్తే ఆ అవమానం నీకెందుకని..."

"వాళ్లు కాదనలేదు సార్. కాదంది మీరు."

"నేను నిన్ను కూతురిలా చూసుకున్నా సఫూరా."

"కూతురి పేరైతే పంపేవారు."

ఆయన ముఖం కందిపోయింది. హమాలీల వైపు తిరిగి, "ఏంట్రా చూస్తున్నారు? నడవండి!" అని కసిరాడు. వాళ్లు కదిలారు, మెల్లగా.

"ఆరేళ్లు సార్," అంది ఆమె. "టీవీలో జెండా చూసినప్పుడల్లా, నన్ను లోపలికి రానివ్వరు కదా అనుకునేదాన్ని. మా నాన్న అడిగితే, మనల్ని నమ్మరు నాన్నా అని చెప్పా. ఆ మాట నమ్ముతూనే ఆయన పోయాడు. మీరు మీ భయాన్ని తీసుకెళ్లి దేశం నెత్తిన పెట్టారు. అక్కడేమో నన్ను ఇంట్లోంచి కదలని మనిషిని చేశారు. ఇంకేం మిగిల్చారు నాకు?"

చెంచురామయ్య గారు పక్కనున్న టిక్కీ మీద కూర్చున్నాడు. "గురువారం నువ్వే వెళ్లు. హెడ్ పోస్టు కూడా నీదే. రేపే ఆర్డరు ఇస్తా," అన్నాడు. మాట్లాడేకొద్దీ ఆయన గొంతులో ధైర్యం తిరిగొచ్చింది. బేరం ఒక కొలిక్కి వస్తున్నప్పటి ధైర్యం. "ఇంక వదిలెయ్ అమ్మా."

"నాకు పాస్ రాలేదని షెడ్డులో అందరికీ తెలుసు. పాపం అని జాలిపడ్డారు. మీరెప్పుడూ పంపలేదని రేపు వాళ్లందరి ముందూ చెప్పండి."

"పనివాళ్ల ముందా?"

"వాళ్ల ముందే. లేకపోతే గురువారం ఆ బల్ల ముందు ఎవరు కూర్చుని జవాబు చెప్తారో మీరే చూసుకోండి."

*

బ్రాడీపేటలో భర్త ముదస్సిర్ షాపు మూసి ఇంటికొచ్చేసరికి సఫూరా వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. కత్తిపీట మీద ముక్కలు దబదబా పడుతున్నాయి. జరిగింది చెప్పింది. ఏసీలు బాగుచేసే మనిషి అతను, చేతులకి ఇంకా గ్రీజు ఉంది. సింకు దగ్గర సబ్బు రుద్దుకుంటూ విన్నాడు.

"పోస్టు ఇస్తానన్నాడు కదా, తీసుకో. అందరి ముందూ చెప్పించడం దేనికి? మనకి ఇలాంటివి మామూలే."

ఆమె కత్తిపీట మీంచి లేచింది. "ఆ మాట ఇంకెప్పుడూ అనకు. మామూలే అనుకోబట్టే ఆరేళ్లలో ఒక్కసారి, ఒక్కసారి ఆ ప్లాంటుకి ఫోన్ చేసి అడగలేదు నేను. ఆయన చెప్పిన అబద్ధం మనం ముందే నమ్మి ఉన్న అబద్ధం కాబట్టే అతికింది."

ముదస్సిర్ కుళాయి కట్టేశాడు. వచ్చి, మిగిలిన ఉల్లిపాయలు తను తరిగాడు.

*

మర్నాడు పదకొండు గంటల టీ వేళ చెంచురామయ్య గారు షెడ్డులోకొచ్చాడు. కుట్టు మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. ఆడవాళ్లు ముఖాలకున్న మాస్కులు కిందికి దించి, గాజు నార నూగు అంటిన చేతులు దులుపుకుని టీ గ్లాసులు అందుకున్నారు. యలమంద గోడకి ఆనుకుని ఉన్నాడు. చైతన్యకృష్ణ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. సఫూరా, కవచాలు పేర్చిన బల్ల పక్కన నిలబడింది.

"ఒక మాట చెప్పాలి," అన్నాడు ఎండీ గారు. కండువా సర్దుకున్నాడు. "మన సఫూరాని ఫైనాన్స్ హెడ్‌గా వేస్తున్నాం. వచ్చే వారం ప్లాంటు మీటింగుకి తనే వెళ్తుంది."

చప్పట్లు మొదలయ్యాయి. ఆయన సఫూరా వైపు చూశాడు. ఇంతటితో సరిపెట్టుకోమన్నట్టు ఉందా చూపు. ఆమె అలాగే చూస్తూ నిలబడింది.

చప్పట్లు ఆగాయి.

"ఇన్నాళ్లూ తనకి పాస్ రాలేదని చెప్పాను కదా. అది... అక్కడ పొరపాటేం లేదు. ఏదో, మన వైపే పొరపాటు జరిగి..."

"పొరపాటు కాదు సార్," అంది సఫూరా.

షెడ్డులో ఎక్కడో ఫ్యాను రెక్క కిర్రుమంటోంది. ఆయన నేల వైపు చూసి, గబగబా అన్నాడు: "వాళ్లు ఆపలేదు. నేనే తన పేరు పంపలేదు. ఎప్పుడూ పంపలేదు."

కోరుకున్నది జరిగింది. లోపల ఏదో చల్లబడుతుందని సఫూరా ఎదురుచూసింది. ఏమీ చల్లబడలేదు. ఆయన అప్పుడే వెనక్కి తిరిగాడు, పని అయిపోయినట్టు.

"సార్."

మూడో వరసలో రహమతున్నీసా లేచి నిలబడింది. షెడ్డు పెట్టిన నాటి నుంచీ కుడుతున్న మనిషి. చేతిలో టీ గ్లాసు అలాగే ఉంది.

"మా అబ్బాయి బుడేకి కూడా పాస్ రాలేదన్నారు సార్. షట్‌డౌన్ పనికి పేరిచ్చాడు, మూడేళ్లు వరసగా ఇచ్చాడు. తోటి పిల్లలంతా వెళ్లారు, వాడొక్కడే మిగిలాడు. నీ మీద ఏదో కేసుండుంటుందిరా, ఏం చేశావో చెప్పమని వాడి నాన్న వాణ్ణి కొట్టాడు సార్. ఊళ్లో తలెత్తుకోలేక వాడు చెన్నై వెళ్లిపోయాడు." ఆమె గ్లాసు మిషన్ మీద పెట్టింది. "మా వాడి పేరన్నా పంపారా?"

ఆ వెనక వరసలో ఇంకొకామె లేచింది. గ్లాసు మిషన్ మీద పెట్టి, ఆమె కూడా ఎండీ గారి వైపే చూసింది.

ప్రతి షట్‌డౌన్‌కీ ఎంతమంది వెళ్లాలో లెక్క వేసింది సఫూరాయే. ఇంతమంది, ఇన్ని గంటలు. ఆ మంది ఎవరో, అందులో ఎవరు లేరో ఒక్కసారీ చూడలేదు. తన గేటు గురించి తప్ప ఇంకొకరి గేటు గురించి ఆలోచించలేదు.

చెంచురామయ్య గారు సఫూరా వైపు తిరిగాడు. బ్యాంకు వాళ్లు నిలదీసినా, ఆడిటర్లు పట్టుకున్నా, ఇంజనీర్లు గుచ్చి అడిగినా ఆయన ఎప్పుడూ అలాగే తిరుగుతాడు. ఆమె అందుకుంటుంది. ఆరేళ్లుగా అందుకుంటూనే ఉంది.

సఫూరా బల్ల కింద నుంచి స్టూలు లాక్కుని, రహమతున్నీసా పక్కకి తీసుకెళ్లి వేసుకుని కూర్చుంది.

"అడుగుతోంది మిమ్మల్ని సార్," అంది. "చెప్పండి."